రాజు వంగి కొలిచిన సాలు

పూర్వం కంకిపురి రాజ్యానికి పెద్ద చిక్కు వచ్చిపడింది. అడవి గుహలో గాలిమింగుడనే రాక్షసుడు ఊపిరి పీల్చినప్పుడల్లా సాళ్లలో జొన్నగింజలు ఎగిరిపడేవి. ఒకచోట నాలుగు కుప్పగా మొలిస్తే, పక్కన మూరెడు నేల బోడి! జనమేమో ఈసారైనా మొలుస్తాయని విత్తనాలు వేసే గొర్రులో గుప్పెడికి బదులు రెండు గుప్పెళ్లు పోసేవారు. దాంతో కుప్పలే పెరిగాయి.

రాజు మాత్రం తప్పంతా గొర్రు చేసిన వడ్రంగి బ్రహ్మయ్యదేనని తేల్చేశాడు. "ఈ కార్తె దాటేలోగా జానకో గింజ పడకపోతే వీడి చేతులు నరికిస్తాను" అన్నాడు.

బ్రహ్మయ్య కూతురు ఈరమ్మకు ఒళ్లు మండిపోయింది. "మా నాన్న చేతుల జోలికి రాకండి ప్రభూ! సాలు నేను వేస్తాను. తమరే వంగి కొలవాలి" అంది నిండు సభలో. రాజు నవ్వి సరేనన్నాడు.

పీల్చడమే రాక్షసుడి పనైతే ఆ పనే చేయిద్దామనుకుంది ఈరమ్మ. గుండ్రటి పలక అంచు చుట్టూ గింజకన్నా సన్నటి చిల్లులు తొలిచి, చంకన పెట్టుకుని, గుప్పెడు జొన్నలు కొంగున మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో ఏదుపంది ముళ్లు విప్పి అడ్డం నిలిచింది. "వెనక్కి పో!"

"పోను. పొడిస్తే పొడుచుకో!"

"అమ్మో, గట్టిదానివే!" అంటూ అది మెచ్చుకుని ఒక ముల్లు రాల్చి ఇచ్చింది.

గుహలో రాక్షసుడు నోరు తెరిచాడు. "నిన్ను మింగేస్తా!"

ఈరమ్మ పలక ముందు జొన్నలు పోసింది. "ముందు ఈ పలక వెనకనుంచి పీల్చి, చిల్లుకు ఒక్క గింజే పట్టు. పట్టావా, నన్ను మింగు. ఓడావా, మా పొలానికొచ్చి చెప్పిన పని చెయ్యి."

వాడు పొగరుగా పీల్చాడు. కొన్ని చిల్లులకు రెండేసి గింజలు అంటుకున్నాయి. ఓడిపోయాడు, ఇంకేముంది!

పొలంలో బ్రహ్మయ్యను సంకెళ్లతో సాలు చివర నిలబెట్టారు. రాక్షసుడు నిటారుగా నిలబడి పలకకు గింజలు పీల్చి వదిలితే, పైనుంచి పడి అవి చెల్లాచెదురయ్యాయి. తండ్రి ముఖం వాడిపోవడం ఈరమ్మ చూసింది. అయినా గొంతు తగ్గించలేదు.

"వంగు!"

"నేనా, వంగడమా?"

"ఓడినవాడివి. నేలకు ఆనేలా వంగు!"

వాడు సణుగుతూ వంగాడు. ఈరమ్మ పలక తిప్పుతూ, రెండో గింజ అంటుకున్నచోట ముల్లుతో నెట్టేసింది. జానెడు దూరం నడిచినప్పుడల్లా "వదులు!" అంది. నేలకు ఆనిన చిల్లు దగ్గర వాడు ఊపిరి ఆపగానే ఒక్కో గింజ మెత్తగా సాలులో పడింది.

ఇక రాజు వంతు. నడుం వంచి జానా జానా కొలిచాడు. ఒక్క గింజ తప్పలేదు. చివరి గింజ దాటి చెయ్యి చాపితే బ్రహ్మయ్య కాలి సంకెల తగిలింది. వంగినవాడు లేవకుండానే దాన్ని తన చేత్తో విప్పాడు. "తప్పు నాదే" అన్నాడు.

తండ్రీకూతుళ్లు చేతులు పట్టుకుని ఇంటికెళ్లారు. గాలిమింగుడు ఆ ఊరి పొలాల్లోనే విత్తుతూ ఉండిపోయాడు. ఆనాటినుంచి కంకిపురిలో విత్తే రోజున తొలిసాలు కొలిచేది రాజే. వంగడం రానివాడికి అక్కడ కిరీటం పెట్టరు!