మెట్ల మీద ఇనప పూత

కంచరపాలెం రైలు పట్టాలకి దగ్గర్లో ఉన్న ఆ కాలేజీలో, కింది అంతస్తు అయస్కాంతం గదికి మంచి పేరు లేదు. రాత్రిపూట అక్కడ మీటరులో అంకెలు వాటంతటవే మారతాయని చెప్పుకుంటారు. అర్జునరావు పోయిన కాణ్ణుంచీ... అని గొంతు తగ్గించి మరీ చెప్పుకుంటారు.

ఇరవయ్యేళ్లు ఆ గదిలో టెక్నీషియన్‌గా చేసిన మనిషి లెండి. అన్నేళ్లూ కాంట్రాక్టు మీదే.

శ్రీసత్య అక్కడ రీసెర్చి స్కాలరు. దెయ్యాలంటే నమ్మకం లేదు, ఆవిడ భయం వేరే. పగలంతా గూడ్సు బళ్ల అదురుకి రీడింగులు చెడిపోతాయని ఆ రాత్రి ఒంటరిగా దిగింది.

"ఒక్కత్తివే ఏటమ్మా? తెల్లారాక సేసుకోవచ్చు గదా," అన్నాడు తాళం తీస్తూ వాచ్‌మన్ ఎల్లారావు. ఆవిడ వింటేనా!

ఆ పనేమిటంటే... స్ఫటికాన్ని కాస్త ఏటవాలుగా కోస్తే దాని ముఖం మీద మెట్లు పడతాయి. సింహాచలం కొండ మెట్లలాంటివే, కాకపోతే ఒక్కో మెట్టు ఒక్క అణువంత ఎత్తు! వాటి మీద నాలుగైదు అణువుల మందాన ఇనప పూత వేస్తారు. కరెంటు మెట్ల వెంట సులువుగా పోతుంది, అడ్డంగా పోవాలంటే ఆయాసపడుతుంది. పూతలోని అయస్కాంతం కూడా మెట్ల వెంటే తల పెట్టుకుంటుంది. మెట్లు ఎటున్నాయో కంటికి కనబడవు గనక అర్జునరావు ఆ స్ఫటికం పలక అంచున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టేవాడు.

కిందటేడు ఆయుధపూజకి శ్రీసత్య సామానంతా ఎసిటోన్‌తో తళతళా తుడిచి బొట్లు పెట్టింది. ఆ తుడుపులో చుక్క పోయింది. బొట్టేమో ఇంకో అంచున పడింది. మర్నాడు ఆ ఎరుపే గుర్తనుకుని పలకని అడ్డంగా బిగించేసింది. ఆ తప్పుడు లెక్క ఢిల్లీ సదస్సులో గైడుగారి పరువు తీసింది. "ఎవరు బిగించారు?" అని ఆయన అరిస్తే, "అర్జునరావే సార్" అని నోట్లోంచి వచ్చేసింది.

వచ్చేయడం ఏమిటిలెండి... అంది. వారంలో అతని కాంట్రాక్టు పోయింది. ఆర్నెల్లకి గుండె ఆగి మనిషే పోయాడు. అప్పట్నుంచీ ఆ పిల్లకి అన్నం సయించట్లేదు. అయినా నోరు విప్పలేదు.

ఆ రాత్రి మెట్ల వెంట కరెంటు పంపి మీటరు చూసింది. అంకె నిలకడగా ఉంది.

ఎక్కడో... కిర్ర్‌మంది.

అంకె మారింది!

మరలన్నీ తడిమి చూసింది. బిగువుగానే ఉన్నాయి. మళ్లీ కిర్ర్... మళ్లీ మారింది — ఎవరో పలకని మెల్లిగా పక్కకి తిప్పుతున్నట్టు.

"అర్జునరావు గారూ..." అంది గుసగుసగా. "బిగించింది నేను. బొట్టు చూసి పొరబడ్డాను. నా పీహెచ్‌డీ పోతుందని మీ పేరు చెప్పాను. తప్పంతా నాదేనండీ... నాదే!" వెక్కివెక్కి ఏడ్చేసింది.

తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఒకావిడ, చేతిలో ఇనప స్టూలు. అర్జునరావు భార్య, సీతాలు. ఆయన పోయాక అక్కడే రాత్రి స్వీపరుగా చేరిందట. పని అయ్యాక, మొగుడు కూర్చునే స్టూలు గోడవతల వేసుకుని కాసేపు కూర్చుంటుందట. ఆ ఇనుము కిర్రుమని అటూ ఇటూ జరిగినప్పుడల్లా పూతలో అయస్కాంతం దిక్కు మారి, దాంతోపాటే మీటరులో అంకె మారుతోంది. ఇంతోటి దెయ్యానికా ఇంత హడావిడి!

శ్రీసత్యకి ఊపిరి వచ్చింది... వచ్చింది వచ్చినట్టే ఆగింది. గోడ పల్చన. సీతాలు అంతా వినేసింది.

"సచ్చే ముందు దాకా అదే అడిగాడమ్మా. 'నా సెయ్యి ఎక్కడ తప్పిందే సీతాలూ' అని. నానేటి సెప్తాను?"

"రేపు సార్‌కి రాసిస్తాను. నా పీహెచ్‌డీ పోతే పోనీ..."

"సారుకి తరవాత రాద్దువు గాని."

సీతాలు శ్రీసత్య వంక చూడట్లేదు. ఆవిడ భుజం మీంచి, అయస్కాంతం పక్కనున్న ఖాళీ జాగా వైపు చూస్తోంది. స్టూలు తీసుకెళ్లి అక్కడ వేసి, కొంగుతో తుడిచింది.

"ఇందాకటి మాట మళ్లీ అనమ్మా. కాస్త గట్టిగా. ఆయనకి కుడి సెవి ఇనపడదు."