హైడ్ అంటే దాక్కోమని కాదు

కాన్ఫరెన్స్ భవనం మెట్ల మీద దుబాసీని పట్టపగలే కాల్చేశారు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. పక్కవాళ్ళు తలైనా తిప్పలేదు. విదేశీ ముఠాలో అనువాదకుడిగా చేరిన మన మనిషి, చివరికి ఏజెంట్ కందిరీగ చేతుల్లో ఒరిగిపోయాడు.

"అమ్మాయ్... పెద్దాయనకి బాంబు... హైడ్..." అన్నాడు. అంతే. పెద్దాయనంటే ఆ రోజు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టబోతున్న దేశాధినేత.

కందిరీగ అతని కళ్ళు మూసింది. ఆమె మెడలో ప్రెస్ ఫోటోగ్రాఫర్ కెమెరా, చెవి వెనక గింజంత రేడియో. అందులోంచి చీఫ్ గొంతు పలికింది. చీఫ్ ఆమెకి స్వయానా మేనమామ.

"హైడ్ అంటే దాక్కో అని. నీ వేషం బయటపడింది. వెనక్కి రా."

"ఆయన నాతో ఏనాడూ ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు సార్. దాక్కోమనాలంటే దాక్కో అనేవాడు. ఇది ముఠా నోట విన్న మాట. బాంబు ఎక్కడుందో చెప్పాడు."

చీఫ్ మాట మార్చాడు. "చెరువు గట్టున పక్షుల్ని చూసే గుడిసెనీ హైడ్ అంటారు. శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టి పెద్దాయన వెళ్ళేది అక్కడికే. టీమ్‌ని పంపుతున్నా. నువ్వు మాత్రం వచ్చెయ్. ఇది ఆర్డర్."

రెండు మెట్లు దిగి ఆగిపోయింది కందిరీగ. హైడ్‌కి ఇంకో అర్థం కూడా ఉంది. పశువు తోలు. పొద్దున్నే వేదిక మీద పెద్దాయనకని కొత్త తోలు కుర్చీ వేయించారు. దగ్గరుండి వేయించింది వజ్రం: అతిథుల్ని ఆహ్వానించే అందగత్తె, ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్నానని ఒట్టేసిన డబుల్ ఏజెంట్.

"సార్, బాంబు కుర్చీలో ఉంది. కూర్చుంటే పేలుతుంది. హాల్లో జామర్ ఉంది కాబట్టి మీ కబురు అందదు. నేనే వెళ్తున్నా."

"టీమ్ వచ్చేదాకా ఆగు."

"ఆగను మామయ్యా."

డ్యూటీలో ఆ పిలుపు ఎన్నడూ ఆమె నోట రాలేదు. రేడియో పీకి జేబులో పడేసింది.

హాలు కిక్కిరిసి ఉంది. పెద్దాయన అప్పుడే వేదిక ఎక్కుతున్నాడు. కందిరీగ గుమ్మం దాటగానే ఖరీదైన సెంటు వాసన, ఆ వెంటే డొక్కలో పిస్టల్ గొట్టం.

"నోరు మెదిపితే కాలుస్తా," వజ్రం నవ్వు చెదరకుండా గుసగుసలాడింది. "ఆయన కూర్చోనీ."

"కాల్చు. నీ పిస్టల్‌కి సైలెన్సర్ లేదుగా. మోత వింటే ఆయన కూర్చోడు. కాల్చకపోతే నేను అరుస్తా, అప్పుడూ కూర్చోడు. ఎలా చూసినా ఓడింది నువ్వే."

వజ్రం నవ్వు ఆరిపోయింది. వేదిక మీద పెద్దాయన కోటు సర్దుకుని మోకాళ్ళు వంచాడు.

"కూర్చోకండి!"

ఆ కేకా, పిస్టల్ మోతా ఒక్కసారే వినిపించాయి. కందిరీగ పక్కకి తిరిగింది కాబట్టి గుండు భుజం చీల్చుకుపోయింది. కాపలావాళ్ళు పెద్దాయన్ని అమాంతం ఎత్తేశారు. ఆయనకీ తోలుకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. వజ్రాన్ని నలుగురు పట్టుకున్నారు.

బయట భుజానికి కట్టు కడుతుంటే చీఫ్ వచ్చాడు. "ఆర్డర్ ధిక్కరించావు. మెమో ఇవ్వక తప్పదు."

"ఇవ్వండి. మళ్ళీ ఇలాగే జరిగితే మళ్ళీ ఇలాగే చేస్తా. ముందు దుబాసీ ఇంటికి పదండి. ఆయన భార్యకి నేనే చెప్పాలి."

చీఫ్ కారు తలుపు తనే తీసి పట్టుకున్నాడు.

లోపల పెద్దాయన నిలబడే సంతకం పెట్టాడు. ఎప్పుడూ కూర్చుని గంటలకొద్దీ మాట్లాడేవాడు, వేరే కుర్చీ వేసినా నమ్మలేక, నిలబడే మూడు ముక్కలు మాట్లాడి ముగించాడు. ఆయన ఉపన్యాసానికి జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది ఆ ఒక్కరోజే.