పన్ను కట్టిన టికెట్

"ఫారంలో మీ మీద ఆధారపడినవారు అన్నచోట పికిల్ అని రాశారు. వయసు పదకొండు. ఇంటిపేరు రాయలేదేం?"

ఫోన్లో ఆ గొంతు వినగానే కాజిమిర్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"కుక్కకి ఇంటిపేరెందుకండీ?"

అవతల నవ్వాపుకోవడానికి దగ్గుతున్న చప్పుడు.

"కుక్కా?"

"మరి? నేను పెట్టకపోతే దానికి తిండెవరు పెడతారు? పైగా మోకాళ్ల నొప్పులు కూడాను, పాపం."

"చూడండి, మనం ఆఫీసులో ఉన్నప్పుడు పసిపిల్లల్నో, లేవలేని పెద్దవాళ్లనో చూసుకునే చోటుకి కట్టే డబ్బది. జీతంలోంచి పన్ను పడకముందే తీసి పక్కన పెడతాం. కుక్క మోకాళ్ల కోసం ప్రభుత్వం పన్ను వదులుకోదు."

"ప్రభుత్వానికి మనసు లేదండీ."

"నాకుంది. అందుకే గడువు దాటకముందే ఫోన్ చేశాను. పికిల్ పేరు కొట్టేస్తున్నా."

ఆవిడే మరిసేలా ఓచోవా. కాజిమిర్ పనిచేసే షికాగో కంపెనీలో ఉద్యోగుల పన్ను పడని ఖాతాలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. వైద్యానికొకటి, ఇంట్లోవాళ్ల సంరక్షణకొకటి, రైలు పాసుకొకటి. మర్నాడు పొద్దున కాజిమిర్ తానుండే శివారు బ్రూక్‌ఫీల్డ్‌లో రైలెక్కితే, దారిలో బెర్విన్‌లో అదే పెట్టెలోకి ఆవిడే ఎక్కింది. పక్క సీటు మీది సంచి తీసేశాడు. ఆ రోజునుంచీ ఆ సీటు ఆవిడదే. నెల తిరక్కుండా మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. మొన్న సెప్టెంబర్లో ఇంటివాళ్లు ఇల్లు అమ్ముకుంటే, కాజిమిర్ ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉన్న పిన్ని ఫ్లాట్‌కి మారాడు. కిటికీలోంచి తన కుర్చీ కనిపిస్తుంది. బుద్ధున్నవాడైతే హాయిగా ఇంకో నిద్ర తీసేవాడు. ఇతగాడు తెల్లారకముందే లేచి, ఊరవతలికి పోయే ఖాళీ రైలెక్కి, బ్రూక్‌ఫీల్డ్‌లో దిగి, తిరుగు రైల్లో ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. ఇల్లు మారిన సంగతి ఆమెకి చెప్పలేదు. చెబితే, మరి ఈ రైల్లో నీకేం పని అని అడుగుతుంది కదా!

డిసెంబర్ వచ్చింది. వైద్యం ఖాతాలో మిగిలిన డబ్బు ఏడాది చివరికల్లా వాడుకోకపోతే పోతుంది. ఆఫీసులో అందరి ముఖాలకీ కొత్త కళ్లజోళ్లు వచ్చాయి. బయట మంచు కురుస్తుంటే అకౌంట్స్‌లో పెద్దాయన ఒకాయన, అదీ వైద్యం లెక్కలోకే వస్తుందని, ఎండకి రాసుకునే క్రీము డబ్బాలు డబ్బాలుగా కొన్నాడు. "వాడుకోండి బాబూ, తర్వాత నన్ను తిట్టుకోకండి!" అంటూ మరిసేలా బల్ల బల్లకీ తిరుగుతోంది.

"నీ సీటు కింద ముల్లుందా?" ఓ పొద్దున రైల్లో అడిగింది. "నిలకడగా కూర్చోవేం?"

"కొత్త కళ్లజోడు. అలవాటు కాలేదు."

"కళ్లజోడుకి మోకాలూగుతుందా? సరేలే. నీకో మాట చెప్పాలి. జనవరి నుంచి నేను రైల్లో రాను."

ఊగుతున్న మోకాలు ఆగిపోయింది.

"అమ్మని పగలు చూసుకునే సెంటర్ మూసేస్తున్నారు. కొత్తది చాలా దూరం. పక్షవాతం మనిషి, బస్సులో తీసుకెళ్లలేను. కార్లో దింపేసి అట్నుంచటే ఆఫీసుకి రావాలి."

"అలాగా," అన్నాడు. అంతకన్నా పనికిమాలిన మాట దొరకలేదు మహానుభావుడికి. ఇంకేదో అనబోయేసరికి దిగాల్సిన యూనియన్ స్టేషన్ వచ్చేసింది. కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఆమె ఓ క్షణం అతనివంక చూసి దిగిపోయింది. ఆ రోజంతా అతనికి కాలు ఒక చోట నిలవలేదు.

మర్నాడు మంచు విరుచుకుపడింది. రైళ్లు ఆగిపోయాయి. ఎవరూ రారులే అనుకుని కాజిమిర్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పికిల్‌ని కిందికి దింపాడు. ముసలి కుక్క తాపీగా రోడ్డు దాటి ఆఫీసు గుమ్మం దగ్గర కాలెత్తింది. అప్పుడే ఒక ట్రక్కు ఆగింది. నడుపుతున్న తన తమ్ముడికి చెయ్యూపి మరిసేలా దిగింది.

ఆమె చెప్పులు చూసింది. కుక్కని చూసింది.

"బ్రూక్‌ఫీల్డ్ నుంచి నడిపించుకొచ్చావా దీన్ని?"

"మరిసేలా, అరవకు. చెప్పేస్తాను. నేనుండేది అదిగో, ఆ కిటికీ. సెప్టెంబర్ నుంచీ. పన్ను పడని డబ్బుతో పాసు కొనుక్కుని షికార్లు చేస్తున్నానని మాత్రం అనుకోకు. ఆ ఖాతా ఇల్లు మారిన వారమే..."

"ఆపేశావు. తెలుసు."

"తెలుసా?"

"ఆపింది నేనే కదా! ఇక నడిచొస్తాను, జీతంలో రైలు పాసు కోత ఆపండి అని ఫారంలో రాశావు. రేపట్నుంచి ఈ మనిషి కనబడడు అనుకుని ఆ సాయంత్రం నాకు తిండి సహించలేదు. పొద్దున ఎక్కి చూస్తే, నా సీటు మీద నీ సంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావేమోనని భయమేసింది." మంచు పడుతున్నా ఆమె ముఖం ఎర్రబడింది. "పన్ను మిగుల్చుకోండని ఊరందరికీ చెప్పేదాన్ని. నా కోసం ఒకడు రోజూ పన్ను కట్టిన డబ్బు పోసి, నిండు ధరకి టికెట్ కొంటున్నాడు. అంతకన్నా పెద్ద మాట నాతో ఎవరూ అనలేదు. అయినా నోటితో కూడా అంటావేమోనని చూశాను. నువ్వేమో కళ్లజోడు సర్దుకుంటూ కూర్చున్నావు!"

కాజిమిర్ కళ్లజోడు తీసి జేబులో పెట్టేశాడు.

"నువ్వంటే నాకు ప్రాణం, మరిసేలా. పికిల్‌ని కొట్టేసినప్పట్నుంచీ."

ఆమె కళ్లు తుడుచుకుని, అలవాటైన ఆఫీసు గొంతు తెచ్చుకుంది.

"అమ్మని కారెక్కించడానికి నా రెండు చేతులూ చాలడం లేదు. జనవరి నుంచి పొద్దున్నే బెర్విన్ రావాలి. నీ ఇంటినుంచి నా ఇంటికి, అట్నుంచి మళ్లీ నీ ఇంటి ముందుకి. ఏ ఖాతా కిందికీ రాదు, ముందే చెబుతున్నా."

"మొదటి రైలుకే వస్తాను."

"చెప్పులతో మంచులో నిలబడ్డావు. జలుబు చేస్తే మందులకి ఖాతాలో ఏమైనా ఉందా?"

"లేదు. అంతా కళ్లజోళ్లకే తగలేశాను."

"అనుకున్నాను," అంటూ మరిసేలా తన మఫ్లర్ విప్పి అతని మెడకి చుట్టింది.