పడని మనిషికి కేకు ముక్క

ఆదివారం చర్చి ఆరాధనలో ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. నెమ్మదైన ప్రార్థన పాట. పెద్దవాళ్ళు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే కీబోర్డు వాయిస్తున్న మనవాడికి తుమ్ము వచ్చింది. తుమ్మితే తుమ్మాడు, మోచెయ్యి వెళ్ళి డెమో బటన్ మీద పడింది.

కీబోర్డు ఒళ్ళు తెలియకుండా డ్యాన్స్ బీటు అందుకుంది. వెనక బెంచీలో పెద్దాయన ఇదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు మొదలుపెట్టాడు. అవి అందరికీ అంటుకున్నాయి. చివరికి ప్లగ్గు పీకేసరికి పాట, పరువు రెండూ పోయాయి.

"సారీ సిస్టర్."

"పర్లేదు బ్రదర్," అంది పళ్ళు బిగించి.

అప్పట్నుంచి సంఘానికంతా అతను 'డెమో' అయిపోయాడు. మామూలు రోజుల్లో కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాడు. ఆమె పక్క వీధి బేకరీలో కేకుల మీద క్రీము పూలు వేస్తుంది. ఆ పాట పక్కన కూర్చోవడం కోసమే అతను కీబోర్డు నేర్చుకున్నాడన్న సంగతి దేవుడికీ, వాళ్ళక్కకీ తప్ప ఎవరికీ తెలియదు.

సోమవారం ఆమె షాపులోకి వచ్చి ఒక డబ్బా బల్ల మీద పెట్టింది. లోపల కేకు ముక్క.

"మీకే బ్రదర్."

"నాకా? ఎందుకండీ?"

"ఊరికే." వెళ్ళిపోయింది.

ఆ 'ఊరికే' దెబ్బకి డెమో ఒక ముసలావిడ గుండ్రటి కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమకి, ఎడమ అద్దం కుడికి బిగించి పంపేశాడు. మంగళవారం బన్ను వచ్చింది. బుధవారం "జలుబు తగ్గిందా?" అన్న పలకరింపు కూడా వచ్చింది. ఇక మనవాడి కాళ్ళు నేల మీద లేవు.

ఆ సాయంత్రం అక్కకి చెప్పాడు. అక్క జాలిగా చూసింది.

"ఒరేయ్ మొద్దూ, ఆదివారం పాస్టరయ్యగారు ఏం చెప్పారో విన్నావా?"

"నేను ప్లగ్గు సరిచేస్తున్నానే."

"'మీకెవరంటే అస్సలు పడదో, ఈ వారం వాళ్ళకి కనికరం చూపండి. వచ్చే ఆదివారం లేచి చెప్పండి' అన్నారు. సంఘమంతా అదే పని మీదుంది. నిన్న ఎదురింటావిడ నా కూరగాయల సంచి మోసిపెట్టింది. నేను నీకేం చేశానే అని అడిగి మరీ పోట్లాడాను."

అక్క చెప్పింది అబద్ధం కాదు. ఆ వారం సంఘంలో ఎవరు నవ్వినా అనుమానమే. భార్య ఇష్టమైన కూర వండిందని ఒక భర్త బిక్కమొహం వేసుకుని అయ్యగారి దగ్గరికి పరిగెత్తాడు.

"అంటే నేను ఆవిడకి హోంవర్కా?" డెమో ముఖం మాడిపోయింది. "ఆ జాలి నాకక్కర్లేదు."

"జాలైతే ఏంట్రా? దేవుడి దగ్గర మనం రోజూ తింటున్నది అదే కదా. అక్కడ లేని రోషం ఇక్కడెందుకు?"

రోషం మాట వినే రకం కాదు. గురువారం వాన కుండపోతగా కురుస్తుంటే ఆమె షాపు ముందు గొడుగు చాపింది. "తీసుకోండి. మీరు తడుస్తారు."

"మీ కనికరం నాకొద్దు సిస్టర్. పడనివాడి కోసం మీకింత కష్టమెందుకు?"

ఆమె ముఖం చిన్నబోయింది. "అయితే నాకూ వద్దు," అంటూ గొడుగు మడిచి సంచిలో కుక్కేసింది. ఇద్దరూ చెరో వైపు తడుస్తూ నడిచారు. సంచిలో గొడుగు మాత్రం హాయిగా ఉంది.

ఆదివారానికి ఆమె గొంతు పోయిందని తెలిసింది. డెమోకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు తెచ్చి, ఇచ్చే ధైర్యం లేక కీబోర్డు కింద దాచాడు.

"కనికరం చూపినవాళ్ళు లేవండి," అన్నారు అయ్యగారు.

ఆమె లేచింది. "నేను ఫెయిలయ్యానండీ," అంది కప్ప గొంతుతో.

"ఎందుకమ్మా?"

"సోమవారం కేకు కనికరమే. పళ్ళు కొరుక్కుంటూ ఇచ్చాను. కానీ ఆ సాయంత్రం ఈయన ఒక ముసలావిడ కళ్ళజోడుకి అద్దాలు తారుమారు చేశానని గుర్తొచ్చి, ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఆవిడ తిట్టినంతసేపూ తలూపారు. కళ్ళజోడు సరిచేసి, ఆవిడ సూదిలో దారం కూడా ఎక్కించి వచ్చారు." గొంతు సవరించుకుంది. "ఆవిడ మా అమ్మమ్మ."

డెమో నోరు తెరిచాడు. ఆ తిట్టిన గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

"కాబట్టి బన్ను, గొడుగు కనికరంలోకి రావు. పడని మనిషికి కదా చెయ్యమన్నారు? నాకు వేరే మనిషిని ఇవ్వండి. ఈయన పనికిరారు."

బ్రదర్ అనలేదు. ఈయన అంది, అదీ రెండుసార్లు. ఆ సంతోషంలో డెమో గభాల్న లేవబోయాడు. మోచెయ్యి మళ్ళీ బటన్ మీద పడింది.

డ్యాన్స్ బీటు. వెనక బెంచీ పెద్దాయన దీనికోసమే కాచుకున్నట్టు చప్పట్లు ఎత్తుకున్నాడు. అయ్యగారు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు. "వాడి జవాబు అదేనండీ!" అని అక్క అరిచింది.

డెమో ప్లగ్గు దగ్గరికి వంగి, ఫ్లాస్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కనికరమా?" అంది ఆమె.

"ఊరికే."

ఆమె నవ్వి మూత తీసింది. ఈసారి ప్లగ్గు ఎవరూ పీకలేదు.