రెండు కుర్చీల మీది మసి

అనిరుధ్ శవం ఆటోనగర్‌లో మూతపడిన లేత్ షెడ్డులో దొరికింది. మెడ మీద సూది మచ్చ. అచ్యుతాపురం ల్యాబ్‌లో అతను తయారుచేసిన సెన్సార్ చిప్ మాయం.

"కోడ్ నేమ్ తూనీగ," అన్నాడు చీఫ్ శ్రీరామ్మూర్తి, వేరుసెనక్కాయలు నములుతూ. "యూరప్‌లో కణాలను ఢీకొట్టించే కొలైడర్ యంత్రం కోసం చేసింది. ఎంత రేడియేషన్ తగిలినా పాడవదు. క్షిపణిలో పెట్టుకోవాలని ఓ విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. సాయంత్రం ఓడ కదిలితే ఇక దొరకదు."

"కుర్రాడి ఇంట్లో చెప్పారా?"

"ముందు చిప్ సంగతి చూడు కామరాజు."

ఆ నమిలే నోరు చూసి ఏజెంట్ కామరాజుకు వెగటు పుట్టింది. బయటికొచ్చి అనిరుధ్ లెక్చర్ వీడియో పెట్టుకున్నాడు.

"ప్రోటాన్లు గుద్దుకుంటే టాప్ క్వార్క్, యాంటీ టాప్ క్వార్క్ జంటగా పుడతాయి. వెంటనే చస్తాయి. వాటిని చూడలేం. వాటినుంచి రాలిన కణాలు ఏ కోణంలో ఎగిరాయో కొలుస్తాం. రెండు వైపులా పొంతన హద్దు దాటిందా, అది ఎంటాంగిల్‌మెంట్, విడిపోని ముడి. దేన్నీ విడిగా లెక్కగట్టలేం."

కుర్రాడు నవ్వుతున్నాడు.

అనుమానితులు ఇద్దరు. దొరబాబు, ఆ ఓడకి సరుకెక్కించే కంటైనర్ యార్డులో క్రేన్ ఆపరేటర్. నిఖిత, చిప్ తీసుకెళ్లడానికి జెనీవా నుంచి వచ్చిన ఫిజిసిస్ట్. పైకి అంతే. లోపల ముఠా కబుర్లు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. మన మనిషేనని చీఫ్ నమ్మకం. దొరబాబు, నిఖిత మాత్రం తామిద్దరికీ పరిచయమే లేదన్నారు.

కామరాజు సేఫ్టీ ఆడిటర్ వేషంలో యార్డు ఆఫీసుకెళ్లాడు. గుండీలో కెమెరా. రెండు గదులు, రెండు కుర్చీలు. రెండూ దగ్గరుండి కడిగించాడు.

దొరబాబు కుర్చీని అరచేత్తో తుడిచి, చెయ్యి చూసుకుని, కూర్చున్నాడు.

"జెనీవా నుంచొచ్చిన ఆ మేడమ్ తెలుసా?"

"నాకేటి తెల్దు సార్. నాను సూడ్నేదు. క్రేనెక్కితే మనుసులు సీమల్లా కనబడతారు."

కబురంపితే పక్కగదిలోకి నిఖిత వచ్చింది. తెల్లటి సూటు, ఖరీదైన సెంటు. కుర్చీని అరచేత్తో తుడిచింది. చెయ్యి చూసుకుంది. కూర్చుంది.

"వైజాగ్ ఫస్ట్ టైమా మేడమ్?"

"యెస్. నిన్ననే ల్యాండయ్యాను."

కడిగిన కుర్చీని తుడిచేది రిఫైనరీ పక్కన మల్కాపురం మసిలో పెరిగినవాళ్లే. కామరాజూ అక్కడివాడే.

రేవులో ఓడ కూత వేసింది. అతను నిఖితను దొరబాబు గదిలోకి నడిపించాడు.

"దొరబాబూ, ఈవిడ నీ పేరు చెప్పేసింది."

"సూది గుచ్చింది అదే సార్! నాను ఆ చిప్పుని ఎండురొయ్యల డబ్బాలో ఎట్టీసినాను, అంతే! ఆ నీలం కంటైనర్లో..."

"నోర్ముయ్ బావా!"

జెనీవా యాస ఎగిరిపోయింది. కామరాజు కిటికీలోంచి చూశాడు. నీలం కంటైనర్ ఓడ మీదికి దిగుతోంది. గోడకున్న, క్రేన్లను ఆపే ఎమర్జెన్సీ స్టాప్ మీద పిడికిలితో గుద్దాడు. డెక్‌కి జానెడు ఎత్తులో కంటైనర్ ఆగి ఊగింది.

ఎండురొయ్యల కంపులో తూనీగ దొరికింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "మన మనిషే కదయ్యా ఆవిడ! రిపోర్టులో ఎవిడెన్స్ అని ఏం రాయను?"

"మసి అని రాయండి. కుర్రాడి ఇంట్లో చెప్పారా?"

"చూద్దాం."

కామరాజు కుర్చీ తుడిచి కూర్చుని, అనిరుధ్ తల్లి నంబరు నొక్కాడు. చీఫ్‌కి వేరుసెనక్కాయలు ఇంకా మిగిలినట్టున్నాయి.