కాబట్టి లేని మాట

కొత్త సంవత్సరం మొదటి రోజు. పొలిక్సేని నిద్ర లేచేసరికి ఇల్లంతా నారింజ తొక్క వాసన, వెన్న వాసన. వదిన మిరేలా తెల్లవారకముందే లేచి పండగ రొట్టె కాల్చి పెట్టింది. అందులో తాతల నాటి బంగారు నాణెం దాచి కాలుస్తారు. ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది, నాణెం మాత్రం మళ్ళీ పెట్టెలోకి పోతుంది.

పొలిక్సేని యువానినా కాలేజీలో తర్కశాస్త్రం చదువుతోంది, మొదటి ఏడు. సెలవులకి సొంతూరు కవాలా వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్లతో వేగలేక చస్తున్నారు ఇంట్లోవాళ్ళు. రేపు వాన పడుతుందంటే ఆధారమేమిటని అడుగుతుంది. రెండు మాటలకోసారి 'కాబట్టి' అంటుంది. మేనత్త దియామాన్తో ఆమెకి 'కాబట్టమ్మ' అని పేరే పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ అస్పాసియా రొట్టె మీద కత్తితో శిలువ గుర్తు గీసి కోసింది. మొదటి ముక్క క్రీస్తుకి, రెండోది ఇంటికి. మూడోది ఓడ మీద పనిచేసే కొడుకు లెఫ్టేరిస్‌కి. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి దేవుడి పటాల దగ్గర పెట్టింది. ఊళ్ళో లేనివాళ్ళ ముక్కని వాళ్ళొచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. తర్వాత బల్ల చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్ళకీ తలో ముక్క. అందరూ విరుచుకుని చూసుకున్నారు. నాణెం లేదు. ఇంటి పేర కోసిన ముక్కని, ఆఖరికి క్రీస్తు ముక్కని కూడా అత్త పొడిపొడి చేసి వెతికింది. లేదు.

"పిండి కలిపిందెవరు?" అంది అత్త మెల్లగా.

ఎవరికి తెలియదు కనక! అందరి చూపులూ మిరేలా మీదికి పోయాయి. పెళ్ళయి ఏడాదైనా నిండలేదు, మొగుడు సముద్రం మీద, పుట్టిల్లు సరిహద్దు అవతల అల్బేనియాలో. పండగ పూట ఆ పిల్లని అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! ఇన్నేళ్ళుగా పోని నాణెం ఈవిడ చెయ్యి పడగానే పోయిందనీ, ఆ దేశం వాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసనీ అత్త ఏకరువు పెట్టింది. అమ్మ తలెత్తలేదు.

పొలిక్సేనికి ఒళ్ళు మండిపోయింది. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిదాని వల్లే రెండోది జరిగినట్టు కాదంది. అత్త వచ్చిన రోజే కుళాయి చెడిపోయింది, అయితే చెడగొట్టింది అత్తేనా అని నిలదీసింది. ఎవరో ఎక్కడో దొంగతనం చేస్తే ఆ దేశంలో పుట్టిన వాళ్ళందరూ దొంగలైపోతారా అని కడిగేసింది.

"వదిన తీసిందని రుజువు కాలేదు. కాబట్టి తీసిందనే హక్కు మీకు లేదు," అని ముగించింది. కాలేజీలో అయితే చప్పట్లు కొట్టేవాళ్ళు.

మిరేలా లేచి గదిలోకి వెళ్ళిపోయింది. పొలిక్సేని వెనకాలే వెళ్ళింది, కాస్త మెప్పు కూడా ఆశించి. తీరా చూస్తే వదిన సంచిలో బట్టలు సర్దుకుంటోంది.

"ఇదేంటి వదినా? గెలిచాం కదా!"

"ఎవరు గెలిచారు?" మిరేలా చేతులు ఆగలేదు. "నేను తీశానని రుజువు కాలేదన్నావు. నేను తీయలేదని అనలేదు. మీ అత్త అనలేదు, మీ అమ్మ అనలేదు, నువ్వూ అనలేదు. సాయంత్రం బస్సుకి మా ఊరు పోతాను. మీ అన్నయ్య వచ్చాక ఏం చేసుకుంటాడో ఆయనిష్టం."

పొలిక్సేనికి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే, తను ఆ ఒక్క మాటా అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే అన్నయ్య ముక్క గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి పటాల దగ్గరి మూట తీసి, కత్తి అందుకుంది.

"అమ్మా, అన్నీ చూశామనుకున్నాం. దీన్ని చూడలేదు! కోస్తే తేలిపోతుంది."

అస్పాసియా ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కొయ్యకు. నాణెం దొరికాక కోడలితో నువ్వు తీయలేదమ్మా అంటే, మనం నమ్మింది నాణేన్ని. పిల్లని కాదు."

"అందులోనూ లేకపోతేనో?" అంది దియామాన్తో.

"లేకపోయినా నా కోడలు తీయలేదు వదినా." అంది అస్పాసియా. "ఈ మాట ఇందాకే అనాల్సింది. నోరు కుట్టేసినట్టు కూర్చున్నాను, సిగ్గులేకుండా."

మూటని ఉన్నచోటే పెట్టి, తిన్నగా కోడలి గదిలోకి వెళ్ళి అదే మాట చెప్పింది. దియామాన్తో గుమ్మం దగ్గరే కాసేపు గింజుకుంది. చివరికి లోపలికొచ్చి, సంచిలోంచి ఒక స్వెట్టర్ లాగి మంచం మీద పడేసి, ఇంత చలిలో బస్సెవరు ఎక్కుతారని గొణిగింది. "నా నోరు పాడుగాను. నువ్వు తీయలేదులే," అంది, గోడకేసి చూస్తూ.

పొలిక్సేని మంచం పక్కన నేల మీద కూర్చుని వదిన చేతులు పట్టుకుంది.

"వదినా, నువ్వు తీయలేదు."

మిరేలా ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూసింది.

"కాబట్టి?" అంది.

"కాబట్టీ లేదు, ఏమీ లేదు. తీయలేదు. అంతే."

భోజనాల దగ్గర్నుంచీ బిగబట్టుకున్న మిరేలా అప్పుడు ఏడ్చింది, ఆడపడుచు భుజం మీద తల పెట్టుకుని.