నాయనమ్మ సోల

ఆ ఉదయం కూడా రాఘవులు ఇంట్లో అందరూ చప్పిడి గంజి ముందు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. బస్తరు సంస్థానం చివర, శబరి ఒడ్డున ఉన్న కుంట అనే ఊళ్లో రాఘవులు ఉప్పు వ్యాపారి. సంతలో చింతపండుకూ ఇప్పపువ్వుకూ ఉప్పు కొలిచిపోసే ఆ ఇంట్లో పది రోజులుగా చారులో కూడా ఉప్పు లేదు. విశాఖలో వైద్యం చదువుతూ వేసవి సెలవులకు వచ్చిన కూతురు భద్రమ్మ చేసిన నిర్వాకం అది.

కారణం నాయనమ్మ దుర్గమ్మ. కాళ్లు వాచిపోయాయి, రెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకోవడం లేదు. భద్రమ్మ ఆమె మూత్రం కాస్త తీసి కాచి చూస్తే, పాలు విరిగినట్టు తెల్లగా తేలింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, తిన్న ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతోందనీ ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పింది. పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టే అలవాటు ముసలామెకు ఉంది కాబట్టి ఉప్పు అందరికీ బంద్. ఆమె లేచి తిరిగితేనే భద్రమ్మకు మళ్లీ చదువు, లేకపోతే ఇంట్లోనే ఉండి చూసుకోవాలని రాఘవులు ముందే తేల్చేశాడు.

గంజి తాగాక తల్లి బియ్యం కొలవబోతే ఇత్తడి సోల కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా పెరట్లో, దుర్గమ్మ మూత్రం పట్టే ముంత పక్కన దొరికింది. గోడ మీద బొగ్గు గీతలున్నాయి. ఒకవైపు తాగిన నీళ్లు, రెండోవైపు బయటికి పోయినవి.

"ఏందే ఇది?" దుర్గమ్మ మంచం మీంచే అరిచింది. "మా అత్త ఇచ్చిన సోల. మూడు తరాల బియ్యం కొలిచింది. దీంతోనా నా ఉచ్చ కొలుస్తున్నవ్?"

"కొలవకపోతే నాకెట్ల తెలుస్తది నాయనమ్మా? నాలుగు సోలలు తాగితే ఒక్కటి పోతంది. మిగతాది నీ కాళ్లల్లకే దిగుతంది."

"ఇదేనా నీకు నేర్పింది? చదివింది చాలు. ఇంక పెట్టె సర్దకు," అంది దుర్గమ్మ.

భద్రమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడుస్తూనే ఆ సాయంత్రం మళ్లీ కొలిచింది, ఈసారి కొబ్బరిచిప్పతో.

వారం తిరిగేసరికి గీతలు తారుమారయ్యాయి. తాగినదానికంటే పోయేది ఎక్కువైంది. దుర్గమ్మ కళ్లు తెరుచుకున్నాయి, కాలి కడియాలు వదులయ్యాయి. కానీ ఒక మిట్టమధ్యాహ్నం పిక్కలు పట్టేసి, తల తిరిగి, ముసలామె మంచాన పడింది. చెమటతో, మూత్రంతో నీళ్లతోపాటు ఉప్పు కూడా పోయిందని భద్రమ్మకు అర్థమై, తన చేత్తో గంజిలో చిటికెడు ఉప్పు వేసి తాగించింది. సాయంత్రానికి పిక్కలు సడలాయి.

"ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. ఇంత చిన్న మాటకు అన్నేండ్లు చదవాల్నా?" అంది దుర్గమ్మ, గిన్నె అడుగు నాకుతూ. ఇల్లంతా పగలబడి నవ్వింది. మర్నాడు మనవరాలి పెట్టె ఆమే సర్దింది.

తొలకరికి శబరి రేవులో పడవ సిద్ధమైంది. దుర్గమ్మ తన కాళ్ల మీదే నడిచి వచ్చింది. దారిలో ఇప్పపువ్వు గంపతో సంతకు పోతున్న మాసే అనే కోయామెను కూడా ఆపి, నిన్న తనకు నాలుగు సోలల ఉచ్చ పోయిందని గొప్పగా చెప్పింది. రేవులో కొంగు చాటునుంచి చింతపండుతో తోమిన ఇత్తడి సోల తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"ఇంట్లకు ఇంక పనికిరాదు. నువ్వే తీస్కపో. ఆడ ఎంతమంది నాయనమ్మలున్నరో, అందరికీ కొలువు."

భద్రమ్మ సోలను గుండెకు హత్తుకుని భోరుమంది. పడవ కదిలింది.

"ఏడవకే పిల్లా, ఒంట్ల ఉప్పంతా పోతది," అంది ఒడ్డు మీద దుర్గమ్మ, తానూ కళ్లు తుడుచుకుంటూ.